అండమాన్ ప్రయాణం: సన్నాహాలు, భద్రతపై సమగ్ర మార్గదర్శి

"అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది" అనే మాట కోస్తా జిల్లాల వారికి చిన్ననాటి నుంచి వింటున్నదే. ఆ వార్త విన్న రోజున డాబా మీద ఆరబెట్టిన వడియాలు లోపలికి వస్తాయి, కళ్లంలోని ధాన్యం మీద టార్పాలిన్లు పడతాయి. అయితే అదే సముద్రం మధ్యనున్న దీవులకు సెలవుల్లో వెళ్లడానికి టిక్కెట్లు తీసుకునేటప్పుడు మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తుకు రాదు. ఊటీకో అరకుకో వెళ్లినట్లే, ఏ రోజు ఏ ఊళ్లో ఉండాలో గంటల లెక్కన రాసుకుని బయలుదేరతాము. ఘాట్ రోడ్డు మూసుకుపోతే చుట్టుదారి ఉంటుంది కానీ, పడవ ఆగిపోతే దీవికి చుట్టుదారి ఉండదు. ఈ మార్గదర్శిలోని ప్రతి సూచనకూ మూలం ఇదే. కుటుంబంతో రెండుసార్లు ఆ దీవులకు వెళ్లి, మొదటిసారి చేసిన పొరపాట్లను రెండోసారి దిద్దుకున్న అనుభవంతో దీనిని రాస్తున్నాను.

పేర్ల విషయంలో ముందుగా ఒక మాట. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ దీవి పేరు స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ దీవి పేరు షహీద్ ద్వీప్‌గా, 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారాయి. టిక్కెట్ల మీద, హోటల్ రసీదుల మీద పాత పేరో కొత్త పేరో ఏదైనా ఉండవచ్చు కాబట్టి రెండూ గుర్తుంచుకోవాలి. ఇక్కడ మాత్రం జనం నోట ఇంకా నలుగుతున్న పాత పేర్లనే వాడుతున్నాను.

మొదటి దశ: కాలాన్ని ఎంచుకోవడం, ఒక రోజు ఖాళీగా వదలడం

నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, సాధారణంగా మే మూడో వారం ప్రాంతంలో అండమాన్‌ను తాకుతాయి. అక్కడి నుంచి సెప్టెంబరు వరకు వానలు, ఎగసిపడే సముద్రం ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం నడుస్తుంది. 2014లో విశాఖను చిన్నాభిన్నం చేసిన హుద్‌హుద్ తుపాను అక్టోబరు 8న అండమాన్ దీవులను దాటి, నాలుగు రోజుల తరువాత మన తీరానికి వచ్చింది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకు ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నింటికంటే అనువైనవని నా అభిప్రాయం. దసరా సెలవులు కలిసి వస్తున్నాయని అక్టోబరులో వెళ్లేవారు వాతావరణం సహకరించకపోతే తట్టుకునే వెసులుబాటు ఉంచుకుని మరీ వెళ్లాలి.

ఆ వెసులుబాటును ప్రణాళికలోనే పెట్టుకోవాలి. తిరుగు విమానం పోర్ట్ బ్లెయిర్ నుంచే ఉంటుంది కాబట్టి ఆఖరి రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే గడపాలి, వీలైతే చివరి రెండు రాత్రులూ అక్కడే ఉండాలి. పొద్దున్నే హేవ్‌లాక్ నుంచి పడవలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కవచ్చని కాగితం మీద లెక్క కుదురుతుంది కానీ, గాలి పెరిగి పడవ రద్దయిందంటే కుటుంబం మొత్తానికి విమాన టిక్కెట్లు కొత్తగా కొనవలసి వస్తుంది. 2016 డిసెంబరులో వాయుగుండం కారణంగా వెయ్యిమందికి పైగా పర్యాటకులు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోగా నౌకాదళ ఓడలు వెళ్లి వారిని తీసుకురావలసి వచ్చింది. కాబట్టి హేవ్‌లాక్, నీల్ దీవులను ప్రయాణం మొదట్లోనే చూసి, పోర్ట్ బ్లెయిర్‌లో చూడవలసినవి చివరికి ఉంచుకోవాలి. పడవ ఒక రోజు ఆలస్యమైతే ఒక మ్యూజియం చూడలేకపోతామే తప్ప విమానం తప్పిపోదు. ఆరు రోజుల ప్రయాణమైతే అయిదు రోజుల కార్యక్రమమే రాసుకోండి.

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి ఓడలు కూడా ఉన్నాయి కానీ సముద్రం మీదే రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది, రోజూ ఉండవు. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లేవారికి అవి పనికిరావు.

రెండో దశ: గుర్తింపు పత్రాలు, అనుమతులు, డబ్బు

భారతీయులకు పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ వంటి పర్యాటక దీవులకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. అయినా విమానంలో, పడవలో, హోటల్‌లో గుర్తింపు కార్డు అడుగుతారు కాబట్టి అసలు కార్డు దగ్గర ఉండాలి, నకళ్లు రెండు మూడు వేరే సంచిలో ఉండాలి. ఫోన్‌లో ఫోటో ఉంది కదా అనే ధీమా వద్దు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చి తల్లిదండ్రులతో కలిసి వెళ్లే మన పిల్లలు విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారైతే వారికి వర్తించే నియమాలు వేరు. బయలుదేరే ముందు వాటిని అధికారికంగా సరిచూసుకుని, పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు అసలువే వెంట తీసుకెళ్లాలి. నికోబార్ దీవులు సాధారణ పర్యాటకులకు తెరిచి లేవు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వేసిన తరువాత పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది. చిన్న దీవుల్లో మాత్రం సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది, ఏటీఎంలు తక్కువ, ఉన్నవాటిలో నగదు అయిపోవడమూ మామూలే. అందువల్ల రెండు మూడు రోజుల ఖర్చుకు సరిపడే నగదు, అందులోనూ వంద, రెండువందల నోట్లు, పోర్ట్ బ్లెయిర్‌లోనే సమకూర్చుకోవాలి. పడవ టిక్కెట్లు, హోటల్ రసీదులు కాగితం మీద అచ్చు వేయించుకోవడం పాత పద్ధతిలా అనిపించినా జెట్టీ గేటు దగ్గర అదే పని చేస్తుంది. కుటుంబమంతటికీ ఒకే కంపెనీ సిమ్ కాకుండా రెండు కంపెనీలవి ఉండేటట్లు చూసుకోవాలి.

మూడో దశ: వైద్యుడి సలహా, మందులు, బీమా

చిన్న దీవుల్లో ప్రాథమిక వైద్యం దొరుకుతుంది కానీ గుండెపోటు, పెద్ద ప్రమాదం వంటివి సంభవిస్తే పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రికి పడవలోనో హెలికాప్టర్‌లోనో తరలించవలసి ఉంటుంది. రాత్రి వేళ, వాతావరణం బాగోలేని వేళ ఆ తరలింపు ఆలస్యమవుతుంది. కాబట్టి గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, షుగరు, ఉబ్బసం ఉన్నవారు, నెలలు నిండుతున్న గర్భిణులు వైద్యుడిని అడిగి తరువాతే టిక్కెట్లు తీసుకోవాలి. రోజూ వాడే మందులను ప్రయాణం కంటే నాలుగు రోజులు ఎక్కువకు సరిపడా కొని, రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు చల్లని సంచి తప్పనిసరిగా తీసుకెళ్లాలి.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ప్రీమియం ఎంత అన్నదానికంటే ముందు చూడవలసినవి రెండున్నాయి. అత్యవసర తరలింపు ఖర్చు అందులో ఉందా, స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదడం) వంటి నీటి క్రీడల్లో జరిగే ప్రమాదాలను మినహాయించారా అన్నవి చిన్న అక్షరాల్లో ఉంటాయి, వాటిని చదివి తీరాలి.

మందుల పెట్టెలో పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, అలర్జీ మాత్రలు, విరేచనాల మందు, యాంటిసెప్టిక్ ద్రావణం, బ్యాండేజీ, పట్టకారు, చిన్న సీసాతో వెనిగర్ ఉండాలి. వెనిగర్ ఎందుకో తరువాతి దశల్లో తెలుస్తుంది. దోమల మందు మరిచిపోకూడదు. ఈ దీవుల్లో డెంగీ, మలేరియా రెండూ ఉన్నాయి. మలేరియా నివారణ మాత్రలు అవసరమా కాదా అన్నది ఏ దీవికి, ఏ కాలంలో వెళుతున్నారో చెప్పి వైద్యుడినే అడగాలి. అక్కడ జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి సొంతంగా వేసుకోకూడదు. వచ్చింది డెంగీ అయితే అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ కూడా అక్కడ ఉన్న జబ్బే. కాలికి పుండో గాయమో ఉన్నవారు వాన నీళ్లు నిలిచిన చోట చెప్పులు లేకుండా నడవకూడదు.

నాలుగో దశ: సంచి సర్దుకోవడం

"మనది ఎలాగూ నల్లటి చర్మమే, మనకేం కాలుతుంది" అనేవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరు ఉంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు మా ఇంట్లో ఆ మాట అన్నది నేనే. స్నార్కెలింగ్‌లో (మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి అడుగును చూడడం) గంటన్నర సేపు బోర్లా తేలుతూ ఉంటే నీటి చల్లదనానికి ఎండ తెలియలేదు. ఆ రాత్రి వీపు మంచానికి ఆనించలేక, మెడ వెనుక చొక్కా కాలరు తగిలితేనే మూలుగుతూ కూర్చున్నాను. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ ఎండలోకి వెళ్లడానికి అరగంట ముందు రాసుకోవాలి, రెండు గంటలకోసారి, నీటిలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం లేనిదైతే పగడాలకు హాని తక్కువ. అన్నిటికంటే మేలైనది పొడవు చేతులున్న, త్వరగా ఆరే ఈత చొక్కా. దానికి రెండు గంటల లెక్క అక్కరలేదు.

ఆడవాళ్ల దుస్తుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన బీచ్‌లలో చీరతోనే, చున్నీతోనే నీటిలోకి దిగడం అలవాటు. తడిసిన చీర బరువెక్కి అల వచ్చినప్పుడు కాళ్లకు చుట్టుకుంటుంది, పడితే లేవనివ్వదు. మోకాలు దాటి నీటిలోకి దిగాలనుకునేవారు లెగ్గింగ్స్, పొడవు చేతుల టీషర్టు వంటివి వేసుకోవాలి. నగలు హోటల్‌లోనూ కాదు, ఇంటి దగ్గరే వదిలి రావాలి. నీటిలో చాలాసేపు ఉన్న తరువాత వేళ్లు చల్లబడి ఉంగరాలు వదులవుతాయి, ఇసుకలో పడ్డ ఉంగరం మళ్లీ కనపడదు.

మందపాటి అడుగు ఉన్న నీటి బూట్లు, టోపీ, టార్చిలైటు, నీళ్లు చొరబడని సంచి, ఒక్కొక్కరికీ ఒక మంచినీళ్ల సీసా ఉండాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి. డ్రోన్ అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు.

అయిదో దశ: పడవ ప్రయాణం

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు పడవల్లో సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ పడవల్లో ఇంకొంచెం ఎక్కువ సమయం పడుతుంది. ప్రైవేటు పడవలు చాలావరకు అద్దాలు బిగించి ఏసీ వేసి ఉంటాయి. లోపల ఒకరికి వాంతి మొదలైతే ఆ వాసనకు పక్కవారికీ మొదలవుతుంది. మొదటిసారి మేము హోటల్‌లో పూరీలు, బంగాళాదుంప కూర కడుపు నిండా తిని ఎక్కాము. బయలుదేరిన ఇరవై నిమిషాలకు మా వరుసలో కవర్లు చాలలేదు. పడవలో పనిచేసే కుర్రాడు ఏమీ మాట్లాడకుండా కవర్ల కట్ట మొత్తం మా ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

రెండోసారి ఇడ్లీలు రెండేసి తిని, వైద్యుడు చెప్పిన మాత్ర గంట ముందు వేసుకుని, పడవ మధ్యలో కింది అంతస్తులో సీట్లు తీసుకున్నాము. పడవ ఊపు ముక్కు దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ. ఫోను, పుస్తకం చూడకుండా దూరాన ఆకాశం సముద్రాన్ని తాకే గీత మీద చూపు నిలపాలి. అల్లం మురబ్బా కొందరికి పనిచేస్తుంది. మాత్ర వాంతి మొదలైన తరువాత వేసుకుంటే ప్రయోజనం ఉండదు. ఈ మాత్రల్లో చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది కాబట్టి దిగిన వెంటనే స్కూటరు నడపకూడదు, మద్యం అసలే తాగకూడదు.

ఎంత చిన్న పడవైనా ఎక్కేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: దీనికి ఎంతమందిని ఎక్కించే అనుమతి ఉంది, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయా. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ సమీపంలో సామర్థ్యానికి మించి ఎక్కించిన పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. జాకెట్ వేసుకోవడమే కాదు, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకుండా ఉండాలి. పిల్లలకు పెద్దల సైజు జాకెట్ వేస్తే వాళ్లు నీటిలో దానిలోంచి కిందికి జారిపోతారు. పిల్లల సైజు లేదంటే ఆ పడవ ఎక్కకండి, ఇచ్చిన డబ్బు పోయినా సరే.

ఆరో దశ: నీటిలోకి దిగే ముందు

పోర్ట్ బ్లెయిర్ రేఖాంశం మనకంటే చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే అక్కడ డిసెంబరులో సాయంత్రం అయిదింటికే సూర్యుడు అస్తమిస్తాడు, అయిదున్నర దాటితే చీకటి. మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు పడుకుని, నాలుగింటికి బీచ్‌కు వెళదామనే మన అలవాటు అక్కడ కుదరదు. తెల్లవారుజామున అయిదున్నరకే లేచి ఉదయం పూటే నీటి పనులు ముగించుకోవాలి.

తరువాత తెలుసుకోవలసింది ఆటుపోట్ల వేళలు. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు ఉంటుంది, రోజురోజుకూ ఆ వేళ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే నిన్న పదింటికి హాయిగా ఈదిన చోట నాలుగు రోజుల తరువాత అదే వేళకు మోకాలి లోతు నీళ్లు, వాటి కింద పదునైన పగడపు రాళ్లు ఉండవచ్చు. నీల్ దీవిలోని సహజ రాతి వంతెన దగ్గరకు ఆటు సమయంలోనే వెళ్లాలి. అక్కడ రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో చిన్న చేపలు, సముద్ర దోసకాయలనే జీవులు చూస్తూ ఉంటే కాలం తెలియదు. ఈలోగా మన వెనుక నీరు పెరుగుతూ వస్తుంది. పోటు మొదలయ్యే వేళ ముందే కనుక్కుని, దానికి అరగంట ముందే తిరుగుముఖం పట్టాలి. వేళలు హోటల్‌లో చెబుతారు. లేదంటే పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోను, ఇతర తీరాల్లోను శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగులో "అన్నా, ఇయ్యాల నీరెలాగుంది?" అని అడిగితే, ఏ యాప్ చెప్పనంత వివరంగా చెబుతారు.

ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే రిప్ కరెంట్ గురించి ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో విద్యార్థులు కొట్టుకుపోయారన్న వార్తల్లో చాలాసార్లు దీని పాత్ర ఉంటుంది. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఒక ఇరుకు దారి చూసుకుని వేగంగా వెనక్కి పోతుంది. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం నిశ్చలంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తే అదే ఆ దారి. ఈతరాని వారు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా మాత్రమే తీసుకెళుతుంది. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకుని, చేయి పైకెత్తి కేకవేసి, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం దాటిన తరువాత అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు రక్షించడానికి దూకకుండా లైఫ్‌గార్డును పిలవాలి, తేలే వస్తువు ఏదైనా విసరాలి. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన కథలు మనకు కొత్తకాదు.

ఇక ఉప్పునీటి మొసళ్లు. ఇవి మడ అడవుల్లోని కాలువల్లో ఉంటాయి, సముద్రంలోనూ ఈదుతాయి. 2010 ఏప్రిల్‌లో హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరం పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. అలాంటి ఘటనలు అరుదే కానీ, హెచ్చరిక బోర్డు ఉన్న చోట, కాలువ సముద్రంలో కలిసే చోట, సాయంకాలం మసక వెలుతురులో నీటిలో కాలు పెట్టకూడదు. కొన్ని తీరాల్లో వల కట్టిన ఈత ప్రదేశాలు ఉన్నాయి, అక్కడ వల లోపలే ఉండాలి. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే "ఇంకో అయిదు నిమిషాలు" అని బతిమాలే అలవాటు మనవాళ్లకు ఉంది. ఆయన మొసలినో, మారిన ప్రవాహాన్నో చూసి ఉండవచ్చు.

పిల్లలు నీటిలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేయి చాచితే అందేంత దగ్గరలో ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. ఫోటోలకు సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. కొబ్బరి చెట్టు నీడ ఎంత అందంగా ఉన్నా దాని కింద కూర్చునే ముందు తల పైకెత్తి కాయలున్నాయేమో చూడాలి.

ఏడో దశ: స్నార్కెలింగ్, స్కూబా

స్నార్కెలింగ్ ఈతరాని వారు కూడా లైఫ్ జాకెట్‌తో, గైడుతో చేయవచ్చు. ముందు నడుములోతు నీటిలో మాస్కు పెట్టుకుని నోటితో ఊపిరి తీయడం పది నిమిషాలు సాధన చేయాలి. మాస్కులోకి నీళ్లు రావడం, గొట్టంలోకి నీళ్లు రావడం రెండూ జరుగుతాయి, జరిగినప్పుడు కంగారు పడకుండా ఉండడమే అసలు విద్య. పగడాల మీద నిలబడకూడదు. అవి ప్రాణమున్నవి, ఎదగడానికి ఏళ్లు పడుతుంది, మన కాలికి అయ్యే గాయం కూడా అంత తొందరగా మానదు. పగడం గీరుకున్న చోటును మంచినీటితో, సబ్బుతో బాగా కడిగి యాంటిసెప్టిక్ రాయాలి, చిన్న గీతే కదా అని వదిలేస్తే చీము పడుతుంది.

స్కూబాలో మొదటిసారి దిగేవారిని శిక్షకుడు పట్టుకుని గరిష్ఠంగా పన్నెండు మీటర్ల లోతు వరకే తీసుకెళ్లాలి. పది మీటర్ల లోతులో ఒంటి మీది ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. ఆ ఒత్తిడి మొదట తెలిసేది చెవుల్లో. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, దిగుతున్న ప్రతి మీటరుకూ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి. సర్దుకోకపోతే చేత్తో సైగ చేసి కొంచెం పైకి రావాలి. జలుబు ఉన్నవారికి ఇది సాధ్యం కాదు కాబట్టి ఆ రోజు మానుకోవాలి. నీటిలో ఊపిరి బిగబట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది, బిగబడితే అవి చీలిపోయే ప్రమాదం ఉంది.

దిగేముందు ఇచ్చే ఆరోగ్య పత్రంలో అన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టి సంతకం చేయడం మనలో చాలామంది చేసే పని. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ దాచిపెట్టినవారికి నీటి అడుగున సహాయం చేయడం శిక్షకుడికి కూడా కష్టమే. స్కూబా తరువాత విమానం ఎక్కడానికి కనీసం పద్ధెనిమిది గంటల విరామం ఉండాలి. శరీరంలో కరిగిన నత్రజని మెల్లగా బయటకు పోకముందే ఎత్తుకు వెళితే అది బుడగలుగా మారి కీళ్ల నొప్పులు, పక్షవాతం వరకూ తెస్తుంది. ప్రయాణం చివరి రోజున స్కూబా పెట్టుకోకూడదన్నది ఇందుకే.

ఎనిమిదో దశ: కుట్టేవి, గుచ్చుకునేవి

జెల్లీ చేప తగిలితే ముందు నీటిలోంచి బయటకు రావాలి. తగిలిన చోట రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. రెండూ మిగిలిన విషకణాలను పేలుస్తాయి. మందుల పెట్టెలోని వెనిగర్‌ను అర నిమిషం ధారగా పోసి, అంటుకున్న పోగులను పట్టకారుతో తీసి, తరువాత ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. మూత్రం పోయమనే సలహా ఎవరిచ్చినా వినకండి. రాతిచేప ముల్లు గుచ్చుకున్నా వేడినీరే ప్రథమ చికిత్స. ఒళ్లు కాలకుండా చూసుకుంటూ అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచి, ఆలోగా ఆసుపత్రికి బయలుదేరాలి. ఊపిరి ఆడకపోవడం, ఛాతీ పట్టేయడం, స్పృహ తగ్గడం కనిపిస్తే ఇవేవీ చేస్తూ కూర్చోక వెంటనే 112కు ఫోన్ చేయాలి. అందమైన శంకువు ఆకారపు గవ్వలను చేత్తో తీయకూడదు. లోపల జీవి ఉంటే అది ప్రాణాంతకమైన విషపు ముల్లు విసరగలదు.

ఇసుక ఈగలు చావుకు తెచ్చేవి కావు కానీ సెలవంతా పాడుచేయగలవు. పొద్దున, సాయంత్రం తడి ఇసుక మీద నేరుగా కూర్చోకుండా చాప వేసుకోవాలి, కాళ్లకు దోమల మందు రాసుకోవాలి, కుట్టిన చోట గోకకూడదు.

తొమ్మిదో దశ: బారాటాంగ్ దారి

బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహలకు వెళ్లే రోడ్డు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి దాదాపు 50 కిలోమీటర్లు జరావా తెగ అడవి గుండా పోతుంది. వాహనాలను నిర్ణీత వేళల్లో బారుగా, పోలీసు రక్షణతో పంపుతారు, మొదటి బారు ఉదయం ఆరు గంటల ప్రాంతంలో కదులుతుంది. దారిలో ఆగడం, ఫోటోలు వీడియోలు తీయడం, వారికి బిస్కెట్లో అరటిపళ్లో విసరడం 1956 నాటి గిరిజన రక్షణ నిబంధనల ప్రకారం జైలు శిక్ష పడే నేరాలు. మన జలుబు కూడా వారికి ప్రాణాంతకం కావచ్చు. "జరావాలను చూపిస్తాను" అనే డ్రైవరు కనిపిస్తే వాహనం మార్చుకోండి. బయటివారితో కలవని సెంటినలీస్ తెగ ఉండే ఉత్తర సెంటినల్ దీవి దరిదాపుల్లోకి పడవలో వెళ్లడం కూడా నిషిద్ధమే.

పదో దశ: తుపాను, భూకంపం, సునామీ

రోజూ ఉదయం భారత వాతావరణ శాఖ బులెటిన్, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే సముద్ర స్థితి సమాచారం చూడాలి. "చేపల వేటకు వెళ్లరాదు" అనే హెచ్చరిక వెలువడిందంటే మన పడవ కూడా అనుమానమే. అటువంటప్పుడు చిన్న దీవిలో ఇంకో రోజు ఉండాలా, ముందే పోర్ట్ బ్లెయిర్ చేరాలా అని తర్కించకుండా దొరికిన పడవలో వచ్చేయడం మంచిది. చేరలేకపోతే మూడు పనులు చేయాలి: హోటల్ గదిని పొడిగించుకోవడం, ఫోన్లు, పవర్ బ్యాంకులు నిండుగా ఛార్జ్ చేసుకోవడం, ఇంటికి సమాచారం ఇవ్వడం. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ఈ దీవులు భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత 2007లో ఇన్‌కాయిస్‌లోనే దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అయితే భూకంప కేంద్రం దగ్గరలో ఉంటే హెచ్చరిక చేరేలోగా అల రావచ్చు. నిలబడలేనంతగా భూమి కంపించినా, కంపనం చాలాసేపు ఆగకపోయినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కిపోయి అడుగు బయటపడినా సైరన్ కోసం ఆగకుండా ఎత్తైన ప్రదేశానికి నడిచి వెళ్లిపోవాలి. వాహనాలతో దారి మూయకూడదు. మొదటి అల వెళ్లిపోయిందని దిగిరాకూడదు. తరువాతి అలలు ఇంకా పెద్దవి కావచ్చు, గంటల తరబడి రావచ్చు. హోటల్‌లో దిగిన రోజునే ఎత్తు ప్రదేశానికి దారి ఎటో అడిగి, పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి నడిచి చూడండి. దానికి పది నిమిషాలు పడుతుంది.

పదకొండో దశ: తిరుగు ప్రయాణం

పగడపు ముక్కలు, ఒడ్డున ఏరిన గవ్వలు సంచిలో పెట్టకూడదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితమైనవి, చచ్చిన ముక్కైనా అంతే. విమానాశ్రయంలో స్కానర్ దగ్గర పట్టుబడి, సంచి విప్పి వివరణ ఇచ్చుకునే కుటుంబాలను చూశాను. వారిలో ఎక్కువమంది పిల్లలు ముచ్చటపడి ఏరుకున్నవే తెచ్చారు. కాబట్టి సర్దేటప్పుడు పిల్లల జేబులు కూడా చూడాలి. గవ్వల వస్తువులు కొంటే అనుమతి ఉన్న దుకాణంలో కొని రసీదు భద్రపరచాలి.

ఇంటికి వచ్చాక నెలలోపు జ్వరం, చలి, కళ్లు ఎర్రబడడం, పిక్కల నొప్పులు కనిపిస్తే వైరల్ జ్వరమని సరిపెట్టుకోకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. అండమాన్ వెళ్లివచ్చామని, ఏ తేదీల్లో ఎక్కడెక్కడ ఉన్నామని ఆయన అడగకముందే చెప్పాలి. మలేరియా, లెప్టోస్పైరోసిస్ పరీక్షలు చేయించాలా లేదా అన్నది ఆయన ఆ సమాచారాన్ని బట్టే నిర్ణయిస్తారు.